ట్రై, అటెంప్ట్, ఎండీవర్: మా ఇంగ్లీషు క్లాసు

1986లో మన హైస్కూల్లో టెన్త్ పాసైన మా బ్యాచ్‌లో ఎవరిని కదిపినా ఇంగ్లీషు మాస్టారి మాటే ముందొస్తుంది. ఆయన క్లాసులో 'ట్రై' అన్న మాటను ఎక్కడ పడితే అక్కడ వాడనిచ్చేవారు కాదు. మేమంతా తెలుగు మీడియం. ప్రయత్నానికి మాకు తెలిసిన ఇంగ్లీషు మాట అదొక్కటే. లెక్క చేసినా ట్రై, బావిలో పడ్డ బొక్కెన తీసినా ట్రై.

ఓ వానాకాలం మధ్యాహ్నం క్లాసులో ఒకటే ఉక్క. కిటికీ రెక్క నాని బిగుసుకుపోయింది. మాస్టారు దాన్ని రెండు చేతులా గుంజుతూ, "ఐ యామ్ ట్రయింగ్ టు ఓపెన్ ఇట్" అన్నారు. అది రాలేదు. వెనక బెంచీ వాళ్లిద్దరు వెళ్లి పట్టు పట్టాక ఊడొచ్చింది. అప్పుడన్నారు: "తెరవడమే కష్టమైతే ట్రై టు ఓపెన్. తెరవడం తేలికే, గాలొస్తుందో లేదో తెలియాలంటే ట్రై ఓపెనింగ్. మన భాషలో లేదూ? తెరవడానికి చూడు, తెరిచి చూడు." గ్రామర్ పుస్తకం ఎంత చదివినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో బుర్రకెక్కింది.

అటెంప్ట్‌కి ఆయన న్యూస్‌పేపర్ తెచ్చారు. హత్యాయత్నం అని హెడ్డింగ్. మనిషి చనిపోయుంటే యత్నం అని ఎందుకు రాస్తారని అడిగారు. పని నెరవేరిందో లేదో ట్రై చెప్పదు. అటెంప్ట్ మాత్రం చాలాసార్లు నెరవేరని పని పక్కనే కనిపిస్తుంది. నేను లాయర్నయ్యాక ఈ పాఠం రోజూ పనికొచ్చింది. చంపాలని కత్తి కొనడం తయారీ, ఆ కత్తి ఎత్తి మీదికి దూకడం అటెంప్ట్. తయారీకి చాలా నేరాల్లో శిక్ష లేదు, అటెంప్ట్‌కి ఉంది. హత్యాయత్నానికి మొన్నటిదాకా ఐపీసీలో 307 సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 109.

స్ట్రగుల్ అంటే పెనుగులాట, ఎదురుగా ఏదో అడ్డం ఉండాలి. ఎఫర్ట్ పెట్టేది, చేసేది. హార్డ్‌కి ఎల్‌వై తగిలించి హార్డ్‌లీ అంటే కష్టపడ్డవాడు కాస్తా పనే చేయనివాడవుతాడని ఆయన హెచ్చరించని వారం లేదు.

స్ట్రైవ్ కోసం మా సోషల్ పుస్తకం తెరిపించారు. ప్రాథమిక విధులు 1976లో రాజ్యాంగంలో చేరాయి. అప్పటికి అవి పదే. పదోది చూడండి: ప్రతి పౌరుడూ అన్ని రంగాల్లో శ్రేష్ఠత కోసం స్ట్రైవ్ చేయాలి, దాంతో దేశం ఎండీవర్‌లో, అచీవ్‌మెంట్‌లో పై మెట్లెక్కాలి. స్ట్రైవ్‌కి మూలమైన పాత ఫ్రెంచి మాటకి పోట్లాడటం అని అర్థం. పట్టు విడవకుండా ఏళ్లకేళ్లు సాగేది స్ట్రైవ్ అనేవారు మాస్టారు.

నాకు అన్నిటికన్నా లోతుగా నాటింది ఎండీవర్. ఇదీ ఫ్రెంచి నుంచి వచ్చిందే, లోపల 'కర్తవ్యం' ఉంది. మీద వేసుకున్న బాధ్యతగా చేసే ప్రయత్నమన్నమాట. కాంట్రాక్టుల్లో బెస్ట్ ఎండీవర్స్ అని రాస్తే చాలా బరువు, రీజనబుల్ ఎండీవర్స్ అంటే కాస్త తక్కువ. ఇంత గంభీరమైన మాటే రాజ్యాంగం 45వ అధికరణంలో పిల్లల్ని ఏళ్ల తరబడి వెయిట్ చేయించింది. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం పదేళ్లలోగా 'షల్ ఎండీవర్' అని, అంటే ప్రయత్నించాలని రాశారు. రాజ్యాంగం 1950లో అమల్లోకొచ్చింది. ప్రభుత్వానికి దారి చూపే ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టింది దీనికొక్కదానికే. అయినా ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకెళ్లి అమలు చేయించే వీల్లేదు. గడువు 1960లో దాటిపోయింది. మా తరగతిలో ఐదో క్లాసుతో బడి మానేసిన అన్నలు, అక్కలు లేని ఇళ్లు తక్కువ.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ చదువు ప్రాథమిక హక్కేనంది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002 సవరణతో 21-ఎ అధికరణం వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి చదువు 'షల్ ప్రొవైడ్', అంటే అందించి తీరాలని అందులో ఉంది. ఎండీవర్ పోయింది. ఆ ఒక్క మాట తీసేయించడానికి యాభై ఏళ్లు దాటింది. దాని కోసం చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. అది మొదటిసారి చదివినప్పుడు మాస్టారికి చూపించాలని ఎంత అనిపించిందో. అప్పటికే ఆయన లేరు.

మాస్టారు ప్రోగ్రెస్ కార్డులో రిమార్క్స్ దగ్గర 'గుడ్', 'ఫెయిర్' అని రాసేవారు కాదు. ఒక్కొక్కరికీ ఏరి ఒక మాట రాసేవారు. లెక్కల్లో ఎప్పుడూ తప్పే మా బెంచీవాడి కార్డులో 'స్ట్రైవ్స్' అని ఉండేది. వాళ్ల నాన్నగారు అర్థం అడిగించుకుని మరీ సంతకం పెట్టారు. అలాంటి కార్డులు ఎవరి దగ్గరున్నా ఫొటో తీసి సంచిక కమిటీకి పంపండి. వచ్చే సంచికలో ఆయన చేతిరాతతోనే అచ్చేద్దాం.