ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం దాకా ఏడు కీర్తనల కాలినడక

లెంటు దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు పశ్చాత్తాప దినాల్లో, మేం నడిచే దారి ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను నుంచి శ్రీకాకుళం ఊళ్లో చర్చి దాకా. సుమారు 13 కిలోమీటర్లు. బైబిల్లో కీర్తనల గ్రంథంలోని పశ్చాత్తాప కీర్తనలు ఏడూ దారి పొడుగునా పరుచుకుంటాం: 6, 32, 38, 51, 102, 130, 143. దాదాపు 2 కిలోమీటర్లకో కీర్తన. ఆదివారం పెట్టుకోవద్దు, అరసవల్లి వెళ్లే జనంతో ఆటోలు కిక్కిరిసి ఉంటాయి. శుక్రవారం తెల్లారగట్ల 4.30కి బయల్దేరితే ఎండ ముదరకముందే చేరతాం. మనిషికి లీటరు నీళ్లు, సీసాలో చోడి అంబలి, తలకో తువ్వాలు. చెప్పుల్లేకుండా నడుస్తామని మాత్రం మొక్కుకోకండి. తారు వేడెక్కాక బొబ్బల మీదే ధ్యాసంతా ఉంటుంది, కీర్తన గాలికి పోతుంది.

చాలామంది 51తో మొదలెడతారు, నోటికొచ్చు కాబట్టి. అక్కడే తేడా కొడుతుంది. 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్క గొఱ్ఱెపిల్లని లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనని, పరాయివాడి భార్యని తెచ్చుకున్న దావీదు రాజు మొహం మీదే అన్నాకే ఆ కీర్తన పుట్టింది. నాతాను రాకుండా ఏడ్చిన ఏడుపు గుమ్మం దాటేసరికి ఆరిపోతుంది. అందుకని ముందు 6. అందులో దావీదు ఫలానా తప్పు చేశానని ఎక్కడా అనడు, భయం, అలసట, అంతే. చీకట్లో నడిచేవాళ్లకి అది చాలు. 32లో, పాపం దాచుకుని నోరు మూసుకున్నన్నాళ్లూ తన సారం వేసవిలో ఎండినట్టు ఎండిపోయిందంటాడు. మార్చి నెలలో గొంతు తడారుతుంటే దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

38 దగ్గర జాగ్రత్త. అందులో రోగమూ పాపమూ కలగలిసి ఉంటాయి. వెంటనే యోహాను 9:3 చదవాలి. గుడ్డిగా పుట్టినవాడి విషయంలో వాడూ, వాడి కన్నవాళ్లూ పాపం చెయ్యలేదని యేసే చెప్పాడు. ఆ వచనం వదిలేస్తే గుంపులోని షుగరు మనిషి ఇంటికెళ్లి కుమిలిపోతుంది.

51 సగం దారిలో వస్తుంది. ఏదైనా చెట్టు కింద అరగంట కూర్చోవాలి. ఒక్కొక్కరికీ చిన్న కాగితం. ఎవరికి, ఏం చేశాను, ఎంత. మూడే రాయాలి. "ఘోరపాపిని ప్రభువా" అని రాస్తే కొట్టేయండి, అది ఎవరైనా రాస్తారు. సంఖ్యాకాండం 5:7 ఒప్పుకోవడంతో ఆగదు, సొమ్ము తిరిగిచ్చి ఐదోవంతు కలపమంటుంది. 10,000 ఎగ్గొట్టినవాడు 12,000 కట్టాలి. ఏటా దుక్కిలో పక్కవాడి గట్టు జానెడు చెక్కేసినవాడైతే ద్వితీయోపదేశకాండం 27:17 కూడా చదువుకోవాలి, సరిహద్దు రాయి జరిపినవాడి మీద శాపం అక్కడుంది. గట్టు సంగతి రాయడానికి చేతులు రావు, మా అనుభవంలో డబ్బు కంటే అదే కష్టం. కాగితం తెల్లగా ఉండిపోతే పరిశుద్ధులమని మురిసిపోకండి. 1 తిమోతి 4:2లో వాత వేసిన మనస్సాక్షి గురించి ఉంది, కాలిన చోట స్పర్శ ఉండదు. అలాంటివాళ్లు బలవంతాన ఏడవక్కర్లేదు, ఇంటావిడకి ఫోన్ చేసి అడిగితే సరి. నాతాను ఇంట్లోనే ఉంటుంది.

102 పొడుగు, 28 వచనాలు. అప్పటికి ఎండెక్కుతుంది, ఒకరు చదివితే మిగతావాళ్లు వింటే చాలు. 130కి ఎనిమిదే, నడుస్తూనే చెప్పుకోవచ్చు. యెరూషలేము ఎక్కే యాత్రకీర్తనలు 120 నుంచి 134 దాకా ఉన్నాయి కదా, ఈ ఏడింటిలో ఆ వరసలోనూ ఉన్నది ఇదొక్కటే. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి లూథరన్లు, అంటే మార్టిన్ లూథరు బాట పట్టిన సంఘాలవాళ్లు, వస్తే ఇంకో మాట కలుపుతాం: 1517లో లూథరు తానుగా అచ్చేయించిన మొదటి పుస్తకం ఈ ఏడు కీర్తనల మీదే. 143 చివర్న ఎందుకంటే, చేతిలో కాగితం ఉన్నవాడికి లెక్క తీర్చేశానన్న పొగరు వస్తుంది. నీ యెదుట బతికున్నవాడెవడూ నీతిమంతుడు కాడన్న రెండో వచనం దాన్ని దించుతుంది. రోమా 3:20లో పౌలు ఎత్తుకున్నదీ ఆ మాటే.

చర్చి దగ్గర కానుక వేసేముందు కాగితం మళ్లీ చూడాలి. మత్తయి 5:23-24 ప్రకారం కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడాలి. అలా ఎవరైనా గుమ్మం నుంచే వెనక్కి ఆమదాలవలస ఆటో ఎక్కితే ఆరాధన ఎగ్గొట్టాడనుకోకండి. అతని కానుక కవరు పాస్టరుగారి బల్ల మీద ఉంచండి, వచ్చాక వేస్తాడు.