ఎం.ఫార్మసీలో ఏ బ్రాంచి అని అడిగేవాళ్లకు

మా పిన్ని కూతురు గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బి.ఫార్మసీ ఆఖరి ఏడాది చదువుతోంది. నేను ఎం.ఫార్మసీ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఈ దారులన్నీ నాకు కొట్టిన పిండి అని పిన్ని నమ్మకం. అంత లేదు. నాది అనలిటికల్ ల్యాబ్. మిగతా డిపార్ట్‌మెంట్ల సంగతి క్యాంటీన్‌లో విన్నది, ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు చూసింది. ఆ అమ్మాయికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

"అక్కా, ఏ బ్రాంచికి స్కోప్ ఉంది?" అన్నది మొదటి ప్రశ్న. నేను ఆ ప్రశ్నను పక్కన పెట్టించాను. ఎం.ఫార్మసీ అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, ఫార్మాస్యూటిక్స్ (మందును మాత్రగా రూపొందించే బ్రాంచి) చేసినవాడి రోజుకీ రెగ్యులేటరీ అఫైర్స్ (మందులకు ప్రభుత్వ అనుమతులు తెచ్చే పని) చేసినవాడి రోజుకీ పోలికే ఉండదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఏ పని చేయబుద్ధవుతుందో ముందు తేల్చుకోమన్నాను.

నా పని సంగతే చెబుతా. వెళ్లగానే మొబైల్ ఫేజ్ (శాంపిల్‌ను యంత్రంలో మోసుకెళ్లే ద్రవం) తయారు చేసి ఫిల్టర్ చేయాలి. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి కాలమ్ (అవి విడిపోయే గొట్టం) తగిలించి గ్రాఫులో బేస్‌లైన్ నిలబడేదాకా కనిపెట్టుకుని ఉండాలి. సిస్టమ్ సూటబిలిటీ, అంటే యంత్రం సరిగా పనిచేస్తోందా అన్న పరీక్ష, పాసైతేనే శాంపిల్ ఇంజెక్షన్లు. స్టెబిలిటీ చాంబర్లో 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో పెట్టిన మాత్రలు మూడో నెలలో, ఆరో నెలలో బయటికొస్తాయి. వాటిలో మందు ఎంత మిగిలింది, కొత్తగా ఏ ఇంప్యూరిటీ తలెత్తింది అని చూడాలి. ఆ తర్వాత రాత పని. మా దగ్గర రాయనిది జరగనట్టే లెక్క. ఒక్క అంకె కొట్టేసినా పక్కన సంతకం, తేదీ, కారణం ఉండాలి. ఆడిట్ ఉందంటే ల్యాబ్ మొత్తం పెళ్లింటి హడావుడి. ఓపిక, శుభ్రత, ఒకే పనిని వందోసారీ మొదటిసారి చేసినంత జాగ్రత్తగా చేసే గుణం ఉంటే అనాలిసిస్ తీసుకోవచ్చు. రోజూ కొత్తదనం కావాలనుకునేవాళ్లు క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) ఆర్నెల్లకే విసిగిపోతారు.

ఫార్మాస్యూటిక్స్ వాళ్లది ఇంకో రకం తలనొప్పి. గ్రాన్యూల్స్ (మాత్రగా నొక్కేముందు చేసే గుళికలు) బాగున్నా కంప్రెషన్లో మాత్ర పైపొర ఊడిపోతుంది. చిన్న బ్యాచ్‌లో కుదిరిన డిసొల్యూషన్ (మాత్ర కరిగే తీరు) పెద్ద బ్యాచ్‌లో కుదరదు. చేత్తో పనిచేయడం ఇష్టమున్నవాళ్లకు నా దృష్టిలో అన్నిటికన్నా సరదా అయిన బ్రాంచి ఇదే. రెగ్యులేటరీ పూర్తిగా కుర్చీ పని. మందు అనుమతి కోసం ఐదు మాడ్యూళ్ల డోసియర్ కూర్చడం, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి క్వెరీ వస్తే గడువులోపు జవాబు పంపడం. ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా రాయగలగాలి, మా ల్యాబ్ వాళ్ల వెంటపడి డేటా రాబట్టగలగాలి. ఫార్మకాలజీ (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే బ్రాంచి) చదివి మాత్రల కంపెనీకి వెళితే పెద్దగా చోటుండదు. జంతువులపై ప్రయోగాలు చేసే సీఆర్‌ఓలు (కంపెనీల తరఫున పరిశోధన చేసిపెట్టే సంస్థలు), పరిశోధన సంస్థలు, పీహెచ్‌డీ, ఇవే దాని దారులు. ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను కనిపెట్టే పని) ఉద్యోగాలకైతే బి.ఫార్మసీ వాళ్లనూ తీసుకుంటారు. దానికోసమే రెండేళ్లు పీజీ చేయక్కర్లేదు, అమీర్‌పేటలో వేలకు వేలు కట్టి సర్టిఫికెట్ కొనుక్కోవడమూ అక్కర్లేదు.

ఇక ఫార్మ్-డి. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చని పిన్నికి దానిమీద మనసు. మన దేశంలో 2008లో మొదలైన కోర్సు ఇది. ఇంటర్ తర్వాత ఆరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. బి.ఫార్మసీ చేసినవాళ్లకు పోస్ట్ బాకలారియేట్ అని మూడేళ్లది ఉంది. ఇది ఆసుపత్రి చదువు: వార్డు రౌండ్లకు వెళ్లడం, కేస్ షీట్ చూసి ఏ మందుకు ఏ మందు పడదో పట్టుకోవడం, డోసు సరిచూడడం. చదువు మంచిదే. కాకపోతే మన దగ్గర క్లినికల్ ఫార్మసిస్టును నిజంగా ఆ పనికే వాడుకునే ఆసుపత్రులు తక్కువ. చాలామంది చివరికి ఫార్మకోవిజిలెన్స్‌కో, మెడికల్ రైటింగ్‌కో మళ్లుతున్నారు.

అమెరికా మాట వచ్చేసరికి మాత్రం లెక్క మారుతుంది. చాలా ఇళ్లల్లో "బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ కలిపి ఆరేళ్లు చదివింది కదా, అక్కడ ఫార్మసిస్టు అయిపోవచ్చు" అనుకుంటారు. కుదరదు. విదేశాల్లో చదివినవాళ్లు అక్కడ లైసెన్సు దారిలోకి వెళ్లాలంటే ముందు ఎఫ్‌పీజీఈఈ అనే అర్హత పరీక్ష రాయాలి. 2003 జనవరి 1 నుంచి డిగ్రీ పొందినవాళ్లకు ఆ ఫార్మసీ డిగ్రీయే కనీసం ఐదేళ్లది అయి ఉండాలన్నది నిబంధన. మన బి.ఫార్మసీ నాలుగేళ్లది. పైన ఎం.ఫార్మసీ చేసినా ఆ లోటు పూడదు. ఆరేళ్ల ఫార్మ్-డి విలువ ఇక్కడ తెలుస్తుంది. అమెరికా మెడికల్ షాపు కౌంటర్ వెనక తెల్లకోటుతో నిలబడాలన్న కోరిక ఉంటే ఇంటర్లోనే ఆ సంగతి తెలిసుండాలి, పాపం ఎవరూ చెప్పరు. కెనడాలో అక్కడి ఫార్మసీ పరీక్షల బోర్డు (పీఈబీసీ) పరీక్షల దారి, బ్రిటన్‌లో ఒస్పాప్ అనే ఏడాది కోర్సు దారి నాలుగేళ్ల వాళ్లకూ ఉన్నాయి గానీ అవీ ఖర్చుతో కూడినవే.

అక్కడ ఎంఎస్ చేయడం వేరే విషయం. ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లో ఎంఎస్ చేస్తే కంపెనీ ల్యాబుల్లో ఉద్యోగానికి వెళ్లొచ్చు; దానికి ఫార్మసిస్టు లైసెన్సుతో సంబంధం లేదు. ఎంఎస్‌కు సాధారణంగా డబ్బు మనమే కట్టుకోవాలి. పీహెచ్‌డీకైతే చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి అసిస్టెంట్‌షిప్ కింద నెలనెలా జీతంలా ఇస్తారు. బి.ఫార్మసీతోనే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చని మనవాళ్లలో చాలామందికి తెలియదు. రీసెర్చ్ మీద నిజంగా ఇష్టముంటే అప్పు చేసి ఎంఎస్‌కు వెళ్లేముందు ఆ తలుపు తట్టి చూడాలి.

ఇక్కడే చదువుతానంటే ముందు జీప్యాట్, ఎం.ఫార్మసీ ప్రవేశానికి జాతీయ స్థాయి పరీక్ష. 2024 నుంచి దీన్ని వైద్య పరీక్షల జాతీయ బోర్డు ఎన్‌బీఈఎంఎస్ నిర్వహిస్తోంది. మూడు గంటలు, 125 ప్రశ్నలు, 500 మార్కులు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఆఖరి ఏడాదిలోనే రాయొచ్చు. క్వాలిఫై అయి ఎం.ఫార్మసీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. అయితే నెలనెలా ఠంచనుగా పడుతుందని లెక్క వేసుకుని హాస్టల్ ఫీజు దానిమీద పెట్టుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌కు వెళ్లాలంటే జీప్యాట్ తర్వాత వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష, నైపర్ జేఈఈ కూడా రాయాలి. దేశంలో ఏడు నైపర్లుంటే అందులో ఒకటి మన బాలానగర్‌లోనే, 2007లో వచ్చింది. పాత ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ చోటు అది. హైదరాబాద్‌లో ఇన్ని మందుల కంపెనీలు పుట్టడానికి వేరు ఆ ఐడీపీఎల్లోనే ఉంది. డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అందులో పనిచేసినవారే. నైపర్‌లో ఎంఎస్ ఫార్మ్‌తో పాటు ఎంబీఏ ఫార్మ్ కూడా ఉంది, మార్కెటింగ్ వైపు మొగ్గేవాళ్లకు అది బాగుంటుంది.

జీప్యాట్ రాకపోతే రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ సీటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నా అభ్యంతరం ఆ 'ఎక్కడో ఒకచోట' మీదే. ఇంటర్వ్యూల్లో అనాలిసిస్ పీజీ చేసినవాళ్లను "పీక్ టెయిలింగ్ (గ్రాఫులో శిఖరం ఒకవైపు తోకలా సాగడం) వస్తే ముందు ఏం చూస్తావు?" అని అడిగితే నేల చూపులు చూస్తారు. తరచి అడిగితే, కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ ఉంది గానీ ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప ఆన్ చేయలేదంటారు. థీసిస్ పని బయట ల్యాబుకు డబ్బు కట్టి చేయించుకున్నదని ఇంకో రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. వాళ్ల పక్కనే బి.ఫార్మసీతో జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల ఫ్యాక్టరీలో రెండేళ్లు షిఫ్టుల్లో చేసి వచ్చినవాడు చేతులు తిప్పుతూ జవాబు చెబుతాడు. మేం తీసుకునేది వాణ్నే.

అందుకే ఆ అమ్మాయికి చెప్పింది ఇది: జీప్యాట్‌కు గట్టిగా చదువు. మంచి చోట వస్తే చేరు. రాకపోతే క్యూసీలోనో ప్రొడక్షన్లోనో ఉద్యోగంలో చేరి మళ్లీ రాయి, వయసు పరిమితి లేదు. పిన్నికి ఈ రెండోది అస్సలు నచ్చలేదు, "ఆడపిల్లకి షిఫ్టు డ్యూటీలేంటే" అంది. ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఆ పిల్ల మాత్రం రెగ్యులేటరీ వైపు మొగ్గుతోంది.

ఏ కాలేజీలో చేరేముందైనా అక్కడ రెండో ఏడాది చదివే సీనియర్లను పట్టుకుని ఒక్కటి అడగమన్నాను: ఈ నెలలో హెచ్‌పీఎల్‌సీ లాగ్‌బుక్‌లో ఎన్ని ఎంట్రీలు పడ్డాయి, అందులో నీవెన్ని?