పత్తర్‌గట్టీ నడక లెక్కలు: నాలుగో వారం

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో, మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా జనం ఎలా నడుస్తారో చూడటం మొదలుపెట్టి నాలుగు వారాలైంది. కాలేజీలో ఎవరూ ఇచ్చిన పని కాదు. ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరంలో ఉన్నాను. ప్లాన్ గీసిన ప్రతిసారీ మనుషుల్ని చుక్కలుగా పెట్టేస్తున్నాను కానీ, ఆ చుక్కలు ఎటు కదులుతాయో, ఎక్కడ ఆగుతాయో చెప్పమంటే చెప్పలేను. అది నన్ను చాలా రోజులుగా తొలుస్తోంది.

ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఒక గీత ఉందనుకుని, ఐదు నిమిషాల్లో దాన్ని దాటిన వాళ్లందర్నీ లెక్కపెడతాను. గంటకు రెండుసార్లు. చార్మినార్ దగ్గర జపానికి వాడే తస్బీహ్ కౌంటర్లు అమ్ముతారు, వేలికి తొడుక్కుని బొటనవేలితో నొక్కేవి. రెండు కొన్నాను. కుడిచేతిది చార్మినార్ వైపు వెళ్లేవాళ్లకి, ఎడమచేతిది తిరిగొచ్చేవాళ్లకి. ఫోన్‌లో నొక్కడం కంటే ఇదే నయం, కళ్లు జనం మీదే ఉంటాయి.

మొదటి వారం లెక్కలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. తూర్పు వైపు రాతి వరండాలో మాత్రమే నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక అంకె పడిపోతుంటే జనమే తగ్గారని రాసుకున్నాను. రెండో వారం ఒక అత్తరు దుకాణం పెద్దాయన "క్యా గిన్ రహే బేటా?" (ఏం లెక్కపెడుతున్నావు బాబూ?) అని అడిగి, సంగతి విని, ఎదురు వరండా చూపించారు. ఎండ ఇటు తిరగగానే గిరాకీ అటు పోతుందట. రోడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి పొద్దున పడమటి వరండాలోకి, మధ్యాహ్నం తర్వాత తూర్పు వరండాలోకి ఎండ వస్తుంది. 1908 మూసీ వరదల తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టిన ఈ వరుసలు రెండు వైపులా ఎందుకున్నాయో అప్పుడు నిజంగా అర్థమైంది. ఇప్పుడు అవతల మా చెల్లిని నిలబెట్టి, ఒకేసారి లెక్కపెడుతున్నాం.

వేగం కోసం సుద్దతో పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు. సిగ్నల్ టైమింగ్‌కి సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక అనుకుంటారు, అంటే పది మీటర్లకు ఎనిమిది సెకన్ల పైచిలుకు. దుకాణాలు తెరవకముందు దాదాపు అంతే పడుతోంది. సాయంత్రం రెట్టింపు దాటుతోంది.

అసలు తిప్పలు వెడల్పుతోనే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం రాసిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103 ప్రకారం వ్యాపార ప్రాంతాల్లో ఫుట్‌పాత్ 2.5 మీటర్లు ఉండాలి. టేపుతో కొలిస్తే వెడల్పు దొరుకుతుంది కానీ, వేలాడదీసిన బట్టలు, బొమ్మలు, కుర్రాడు కూర్చున్న స్టూలు, గోడకి తగలకుండా మనం వదిలే జానెడు జాగా, ఇవన్నీ తీసేయాలి. అలా మిగిలినదాన్ని మాత్రమే నోట్ చేసుకుని, మనుషుల సంఖ్యని దానితోనూ నిమిషాలతోనూ భాగిస్తున్నాను, అంటే మీటరు వెడల్పులో నిమిషానికి ఎంతమంది అని. స్టూలు జరిపితే అంకె మారిపోతుంది, అందుకే ప్రతి లెక్కకీ ముందు మళ్లీ కొలవాలి.

లాడ్ బజార్‌లో ఈ పద్ధతి పనిచేయలేదు. అక్కడ జనం నడవడం కంటే ఆగడమే ఎక్కువ. ఒకావిడ గాజుల దగ్గర ఆగితే వెంట ఉన్న ముగ్గురూ ఆగుతారు, వెనకవాళ్లు రోడ్డు మీదికి దిగుతారు. పాదచారుల కదలికల మీద పరిశోధన చేసిన జాన్ ఫ్రూయిన్ లెక్కలో, నిలబడ్డ మనిషికి పట్టే జాగా 45 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్ల దీర్ఘవృత్తం. రెండు చేతుల్లో సంచులు, కొంగు పట్టుకున్న పిల్లాడు ఉన్న తల్లికి అది ఎలా సరిపోతుంది? ఆమెకి వేరే ఆకారం గీస్తున్నాను, ఇప్పటికి పదకొండు స్కెచ్‌లయ్యాయి. ఫోటోలు తీయడం లేదు, ఎవరి ముఖమూ నాకక్కర్లేదు.

వచ్చే వారం గుల్జార్ హౌజ్. నాలుగు కమాన్ల నుంచి వచ్చేవాళ్లు ఫౌంటెన్‌ని ఎటువైపు నుంచి చుట్టి వెళ్తారో ట్రేసింగ్ పేపర్ మీద గీయాలి. మేడ మీద కిటికీ ఒకటి అడిగి పెట్టుకున్నాను, శుక్రవారం నమాజు అయ్యాక రమ్మన్నారు.