డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: దరఖాస్తు నుంచి నెట్ మీటర్ దాకా నా అనుభవం

సోలార్ పెట్టించాలా వద్దా అన్నది కరెంటు బిల్లు ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సిన లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. మనం లైనుకు పంపినవి, లైను నుంచి వాడుకున్నవి రెండూ లెక్కేసే నెట్ మీటర్ ఉంటే, సోలార్ యూనిట్లు ముందుగా ఎక్కువ రేటున్న పై శ్లాబునే కోసేస్తాయి. అసలు లాభమంతా అక్కడే ఉంది.

రాజమండ్రిలో మా ఇంటి వాడకం నెలకు 400 యూనిట్ల దగ్గర. యూనిట్లకే రూ.2,548. మూడు కిలోవాట్ల ప్లాంటు నెలకు సగటున 360 యూనిట్లు ఇస్తే మిగిలేది 40 యూనిట్లు, అంటే రూ.87. ఫిక్స్‌డ్, సర్దుబాటు చార్జీలు వేరే ఉంటాయి. మాకు కొటేషన్ రూ.1,95,000 వచ్చింది. డాబా సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం రూ.78,000 సబ్సిడీ. చేతి నుంచి పడేది రూ.1,17,000, నాలుగేళ్లలో తిరిగొస్తుంది. అదే నెలకు 120 యూనిట్లు వాడే ఇంట్లో యూనిట్ల ఖర్చు మొత్తం కలిపినా రూ.395. వాళ్లు ఒక కిలోవాటు పెట్టించినా అసలు రాబట్టడానికి తొమ్మిది పదేళ్లు పడుతుంది. ఈ లెక్క చెప్పకుండా అందరికీ ఒకే మాట చెప్పి అంటగట్టడం నాకు నచ్చదు.

ఇక దరఖాస్తు. ఆ పథకం పోర్టల్‌లో సర్వీసు నంబరు కొట్టగానే బిల్లు మీదున్న పేరు వస్తుంది. మా సర్వీసు నాన్నగారి పేరు మీదే ఉండిపోయింది, బ్యాంకు ఖాతా నాది. సబ్సిడీ ఆగేది సరిగ్గా ఇక్కడే. ఇంటి పన్ను రసీదు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం ఇచ్చి ముందు పేరు మార్పించాను. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉందా, పూర్తిగా ఉందా అన్నది కూడా బిల్లులో, ఆధార్‌లో, పాస్‌బుక్కులో ఒకేలా ఉండాలి. పది కిలోవాట్ల దాకా దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదని విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ చెబుతోంది, ప్లాంటుకు తగ్గట్టు లోడు పెంచడం కూడా అందులోనే ఉంది.

కొటేషన్ తీసుకునే ముందు డాబా ఎక్కి నీడ చూడండి. వీలైతే డిసెంబరులో చూడాలి, అప్పుడే సూర్యుడు బాగా దక్షిణానికి వాలి ఉంటాడు. ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడింటికి నీడ అంచుల వెంట సుద్దముక్కతో గీతలు గీశాను. మన ప్రాంతంలో ఆ నెల మిట్టమధ్యాహ్నం కూడా 3 మీటర్ల మెట్ల గది ఉత్తరం వైపు రెండున్నర మీటర్ల నీడ వేస్తుంది. మా మెట్ల గది వెనక ఖాళీ ఎంతో బాగుందని మొదట వచ్చిన కుర్రాడు అక్కడే కొలతలు తీసుకున్నాడు. గీతలు చూపించాక దక్షిణం పిట్టగోడ వైపుకి మార్చాం. పక్కింటి కొబ్బరిమట్ట ఒక్క ప్యానెల్ మీద పడినా నష్టమే. ఆరు ప్యానెళ్లూ ఒకే దండలా సిరీస్‌లో ఉంటాయి కదా.

మావి 540 వాట్లవి ఆరు, ఒక్కొక్కటి సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు. చుట్టూ నడవడానికి దారి వదిలితే 300 చదరపు అడుగులు కావాలి. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల దగ్గర. స్టాండుకు వేడి జింకు పూత వేసిన ఇనుమే అడగండి, పైన వెండిరంగు పూసింది గోదావరి తేమకు రెండేళ్లలో తుప్పు పడుతుంది. శ్లాబుకు లీకులుంటే వాటర్‌ప్రూఫింగ్ ముందే చేయించాలి, ప్యానెళ్లు ఎక్కాక కింద చేయి పట్టదు. కాళ్లకు అడుగు చదరపు కాంక్రీటు దిమ్మెలు పోయించి వారం రోజులు నీళ్లు పట్టాను. తుపాను గాలి ప్యానెల్‌ను కింది నుంచి పైకి లేపుతుంది, కాబట్టి దిమ్మె శ్లాబుకు గట్టిగా పట్టి ఉండాలి.

సబ్సిడీకి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే ఉండాలి. చవకవి కలిపేసే అవకాశం ఉంది. పైకి ఎక్కించకముందే ప్రతి ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి.

ఎర్త్ గొయ్యిలు మూడు: స్టాండుకు, ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) నుంచి వచ్చే ఏసీ లైనుకు, పిడుగు కడ్డీకి. ఒకే గొయ్యిలో కలిపేస్తామంటే ఒప్పుకోకండి, పిడుగు పడితే ఆ కరెంటు ఇన్వర్టర్‌లోకి రావచ్చు. ప్యానెల్ వైర్ల కనెక్టర్లు ఒకే కంపెనీవి అయ్యుండాలి, కటింగ్ ప్లేయర్‌తో నొక్కినవి కాకుండా క్రింపింగ్ టూల్‌తో బిగించినవి కావాలి. వదులు కనెక్టర్ వేడెక్కి కరిగిపోతుంది.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకూడదు. పదిశాతం నెట్ మీటర్ బిగించేదాకా ఆపాను. ప్యానెళ్లు నిలబెట్టడం మూడు రోజుల పని, ఆ తర్వాత మీటరు పరీక్ష, తనిఖీ, ఫొటో అప్‌లోడ్ చేయడం ఇవే వారాలు తీసుకుంటాయి. ప్లాంటు మొదలైనట్టు ఇచ్చే చివరి ధ్రువపత్రం వచ్చాకే పోర్టల్‌లో బ్యాంకు వివరాలు ఇస్తే సబ్సిడీ జమవుతుంది. మీటరు పెట్టిన రోజు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులు రెండూ రాసుకోండి, మొదటి బిల్లులో తప్పు దొర్లితే అదే ఆధారం.

కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద లైన్‌మన్‌కు షాక్ తగలకుండా అలా చేశారు. ఎండ మాడుతున్నా మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగుతుంటే వోల్టేజీ పెరిగి ఉండొచ్చు. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా సన్నని తీగ వేస్తే ఇలా కావచ్చు, లావు తీగ వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. మంచి ఎండకు రోజుకు 13 యూనిట్లు, ముసురు పట్టిన రోజుల్లో ఆరేడు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బోరు నీళ్లు ఆరితే తెల్లమరకలు కడతాయి, అందుకే మునిసిపల్ నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడుస్తాం.