ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర

ఆదివారం. నాలుగింటి అలారం మోగకముందే మెలకువ వచ్చింది. ఏడున్నరకి పాప లేచేసరికి ఇంట్లో ఉండాలి. ఆ లోపు ఎంత దూరం వెళితే అంత.

ఈరోజు పరుగుకి తమ్ముడు తోడొచ్చాడు. మొదటి పది కిలోమీటర్లు నన్ను వదిలేసి దూసుకుపోయాడు. ఇరవై దాటాక పిక్కలు పట్టేసి నడవడం మొదలుపెట్టాడట. నేను నా వేగంలోనే వెళ్తూ ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర వాణ్ణి కలిశాను.

"అక్కా, దూరం పెరిగేకొద్దీ ఆడవాళ్ళే గెలుస్తారటగా, నిజమేనా?" అన్నాడు రొప్పుతూ.

అవునని చెప్పాలనిపించింది. ఆ క్షణంలో నేనే గెలుస్తున్నాను కదా! కానీ నోరు రాలేదు. మధ్యాహ్నం పాప నిద్రపోయాక నోట్‌బుక్ తీసి లెక్కలు వేశాను.

2023లో మారథాన్ ప్రపంచ రికార్డులు రెండూ, మగవాళ్ళదీ ఆడవాళ్ళదీ, మారాయి. మగవాళ్ళలో కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లు, ఆడవాళ్ళలో టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లు. తేడా తొమ్మిది శాతం పైచిలుకు. ఇక 24 గంటల పరుగు చూస్తే, ఆడవాళ్ళలో 2019లో కమీల్ హెరాన్ పరిగెత్తింది 270 కిలోమీటర్లు, మగవాళ్ళలో 2022లో అలెగ్జాండర్ సొరోకిన్ 319. అంటే తేడా పదిహేను శాతం. దూరంతోపాటు తగ్గుతుందనుకున్న తేడా ఇక్కడ పెరిగింది! కాసేపు మనసు చివుక్కుమంది.

తర్వాత ఆలోచిస్తే ఈ అంకెల్లో శరీరం ఒక్కటే లేదనిపించింది. శరీరం తేడా ఉన్నమాట నిజమే. మగవాళ్ళ రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ ఎక్కువ, గుండె పెద్దది. అది ఎంత దూరం వెళ్ళినా పోదు. మనకి కలిసొచ్చేవీ ఉన్నాయి. అంతసేపు పరిగెత్తేటప్పుడు ఆడవాళ్ళ శరీరం కొవ్వుని ఎక్కువగా వాడుకుంటుంది, కండరాలు కాస్త నిదానంగా అలసిపోతాయి. మారథాన్ రెండో సగంలో సగటున ఆడవాళ్ళ వేగం మగవాళ్ళంతగా పడిపోదని ఎన్నో ఫలితాలు చెబుతున్నాయి. పొద్దున తమ్ముడి విషయంలో నేను చూసింది అదే. కానీ వేగం తగ్గకపోవడం వేరు, ముందు చేరడం వేరు.

మరి గెలిచినవాళ్ళ సంగతి? అమెరికాలోని డెత్ వ్యాలీ ఎండలో జరిగే 135 మైళ్ళ బ్యాడ్‌వాటర్ రేస్‌ని పామ్ రీడ్ 2002లో, 2003లో మగవాళ్ళందరికన్నా ముందు పూర్తి చేసింది. 2017లో మోయాబ్ 240 అనే సుమారు 240 మైళ్ళ రేస్‌లో కోర్ట్నీ డావాల్టర్ రెండో స్థానంలో వచ్చిన మనిషి కంటే పది గంటల ముందు చేరింది. ఇవి చిన్న విజయాలు కావు. అయితే గట్టి పోటీ ఉండే వంద మైళ్ళ రేస్ వెస్టర్న్ స్టేట్స్‌లో, 2023లో డావాల్టర్ 15 గంటల 29 నిమిషాల్లో ఆడవాళ్ళ రికార్డు బద్దలు కొట్టి మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచింది. మొదట వచ్చిన టామ్ ఎవాన్స్‌కీ ఆవిడకీ మధ్య 49 నిమిషాలే. ఆరు శాతం కూడా లేదు! నా దృష్టిలో మోయాబ్ గెలుపు కన్నా ఈ ఆరో స్థానమే పెద్దది.

జాస్మిన్ పారిస్ గురించి చదువుతుంటే మాత్రం పెన్ను పక్కన పెట్టేశాను. 2019 జనవరి, బ్రిటన్‌లో స్పైన్ రేస్, 268 మైళ్ళు, చలి, ఎక్కువసేపు చీకటి. ఇంట్లో పాలు తాగే పాప. ఆవిడ చెక్‌పాయింట్ల దగ్గర ఆగి పాలు పిండుకుంది. ఆగినంతసేపూ గడియారం నడుస్తూనే ఉంది. అయినా 83 గంటల 12 నిమిషాల్లో అందరికన్నా ముందు చేరి, పాత రికార్డుని 12 గంటలు తగ్గించింది. పాలిచ్చిన రోజుల్లో నాకు గుమ్మం దాటడమే పెద్ద పని.

1980 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళని 1500 మీటర్లకి మించి పరిగెత్తనివ్వలేదు. మారథాన్ వచ్చింది 1984లో. ఇప్పటికీ అల్ట్రాల, అంటే మారథాన్‌కి మించిన పరుగుల, స్టార్ట్ లైన్ దగ్గర మగవాళ్ళ పక్కన మనం చాలా తక్కువమంది. వేలమందిలోంచి వచ్చిన ఉత్తమ పరుగుకీ, కొద్దిమందిలోంచి వచ్చిన ఉత్తమ పరుగుకీ తేడా చూసి శరీరం ఇంతేనని తేల్చేస్తే ఎలా? ఆ పదిహేను శాతంలో ఎంత హిమోగ్లోబిన్‌దో, ఎంత ఏడున్నరకల్లా ఇల్లు చేరాల్సిన వాళ్ళదో ఎవరు విడదీస్తారు?

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "సరే అక్కా, టైమ్ గొడవే లేకపోతే నువ్వు ఎంత దూరం వెళ్తావు?" అన్నాడు.

నాకు తెలియదు. మూడు గంటలు దాటి ఎప్పుడూ పరిగెత్తలేదు.

రాత్రి ఆయనతో అన్నాను, వచ్చే ఆదివారం పాప లేచాక తనే చూసుకోవాలని. "ఎన్నింటికి వస్తావు?" అని అడిగారు. చెప్పలేనన్నాను. సరేనన్నారు. మంచినీళ్ళ బ్యాగు ఇప్పుడే కడిగి ఆరబెట్టాను.