మొదటి తరం పుంజును దాచుకోవడం నేను చేసిన తప్పు

చంద్రగిరి దగ్గర మా ఇంటి పెరట్లో అసీల్ అనే నాటు పందెంకోడి జాతి పుంజును వనరాజా పెట్టలతో కలిపి పిల్లలు తీయించాలన్న ఆలోచన నాకు సంగటిలోకి నాటుకోడి పులుసు తినే మావాళ్ల మాటల్లోనుంచే వచ్చింది. నాటుకోడి రుచి కావాలి కానీ అది ఎదిగేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. అసీల్ పెట్ట పెట్టే గుడ్లు కొద్ది కాబట్టి పుంజును అటునుంచి, పెట్టను వనరాజా నుంచి తీసుకున్నాను. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా గుడ్లు బాగానే పెడుతుంది, పొదుగుకు మాత్రం అంతగా కూర్చోదు. అందుకే ఆ గుడ్లను మా అవ్వ నాటుపెట్టల కింద పెట్టింది.

పిల్లలు దిగిన ఎనిమిది వారాలకు వాటిని ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ బుట్టలో వేసి తూకం వేశాను. పుంజుపిల్లలు పెట్టపిల్లలకంటే సహజంగానే బరువు తూగుతాయి కనుక రెండింటినీ కలిపి సగటు తీస్తే లెక్క తప్పుతుంది. పుంజుపిల్లలన్నీ 700 గ్రాములకు అటూ ఇటూగా, ఒకే ఈడువాళ్లలా తూగాయి. వేలితో రొమ్ము తడిమితే అసీల్ పిల్లల్లో కత్తి అంచులా తగిలే ఎముకకు ఇరువైపులా కండ పట్టి ఉంది.

ఆ సంతోషంలో వాటిలో మంచి పుంజును ఉంచి, దాని తోబుట్టువులైన పెట్టలతోనే కలిపాను. ఆ పిల్లల్లో పుంజులు అదే వయసుకు 480 నుంచి 830 గ్రాముల దాకా చెదిరిపోయాయి. కొన్నింటికి అసీల్ పొడుగు కాళ్లు తప్ప ఒంట్లో ఏమీ లేదు. "ఒక్క తల్లి బిడ్డలేనా నాయనా ఇవి?" అంది అవ్వ.

కారణం దాగున్నదేమీ కాదు. రెండు వేరు జాతులను కలిపినప్పుడు వచ్చే సంకర బలం, అంటే పిల్లలు తల్లిదండ్రుల సగటుకంటే బాగా ఎదిగే గుణం, మొదటి తరంలోనే నిండుగా ఉంటుంది, ఆ పిల్లలను వాటిలో వాటికే కలిపితే సగానికి పడిపోతుంది, తాతముత్తాతల లక్షణాలు విడివడి తలోదారి పడతాయి, పైగా తోబుట్టువులను కలిపితే రక్తసంబంధపు నష్టం కూడా తోడవుతుంది. బ్రాయిలర్ కంపెనీలు సైతం బరువు కోసం కార్నిష్ వంశాలను తండ్రి వైపు, గుడ్ల కోసం వైట్ ప్లిమత్ రాక్ వంశాలను తల్లి వైపు విడివిడిగా ఎంపిక చేసుకుంటూ వస్తాయి. బరువు పెరిగే కొద్దీ గుడ్లు తగ్గడం కోళ్లలో సాధారణం కాబట్టి రెండింటినీ ఒకే వంశంలో కోరడం అత్యాశ. మనం తినే ఫారం కోడి ఆ గొలుసులో చివరి కొస, దాన్ని మళ్లీ తల్లిగా వాడుకోరు. ఆ కార్నిష్ ఇంగ్లాండులో తయారైనప్పుడు అందులో కలిసింది మన అసీల్ రక్తమేనని తెలిశాక నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు అసీల్ పుంజును, వనరాజా పెట్టలను మాత్రమే తల్లిదండ్రులుగా ఉంచి, పెట్టలు ముసలివైనప్పుడు కొత్త పిల్లలను కొని తెచ్చి, మొదటి తరాన్ని మొత్తం మాంసానికే అమ్ముతున్నాను. కాలికి ఎర్ర ఉన్నిదారం కట్టిన ఒక్క పెట్టను మాత్రం అవ్వ అమ్మనివ్వలేదు. అది గుడ్లకు పనికిరాదని నేను అంటుండగానే పొదుగుకు కూర్చుంది, దాని కింద ఇప్పుడు పదకొండు వనరాజా గుడ్లున్నాయి.