లీలావతి పాట కోసం తమ్మరకు

నల్లగొండ నుండి మిర్యాలగూడ మీదుగా హుజూర్‌నగర్ చేరి, ముందు మట్టపల్లి వెళ్లి, తిరుగుప్రయాణంలో కోదాడ దగ్గరి తమ్మర చూడాలని బయలుదేరాను. మట్టపల్లిలో కృష్ణాస్నానం చేసి లక్ష్మీనరసింహస్వామికి ప్రదక్షిణలు చేస్తున్నంతసేపూ నా మనసు ప్రహ్లాదుడి తల్లి మీదే ఉంది. నరసింహక్షేత్రానికి వచ్చినప్పుడు స్తంభాన్ని, హిరణ్యకశిపుణ్ణి, బాలభక్తుణ్ణి తలుచుకుంటాం. భర్త ఆజ్ఞకూ కన్నపేగుకూ నడుమ నలిగిపోయిన లీలావతి ఎవరికీ గుర్తు రాదు. తెలుగు సినిమాకు మాట వచ్చిననాడు ఆ తల్లి వేషం కట్టింది సురభి కమలాబాయి.

హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. ఆ చిత్రం వల్లే కమలాబాయిని తొలి తెలుగు కథానాయిక అంటున్నాం. ఆ గౌరవం ఆమెకు చెందవలసిందే గాని, ఆ మాట చాటున ఆమె అసలు ప్రజ్ఞ మరుగున పడిందని నాకు అనిపిస్తుంది. పాతికేళ్లు నిండీ నిండని వయసులో ఆమె వెండితెరపై మొదట ధరించింది ప్రేయసి పాత్ర కాదు, తల్లి పాత్ర.

అది ఆమెకు కొత్త కథ కూడా కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబంలో ఆమె పుట్టింది. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి, రంగస్థలం మీదే కమలాబాయిని కన్నదని చెప్పుకుంటారు. తక్కిన సమాజాల్లో ఆడవేషాలు మగవారు కట్టే కాలంలో, సురభిలో స్త్రీలే స్త్రీపాత్రలు ధరించేవారు. పసితనంలో కృష్ణుడుగా, లోహితాస్యుడుగా వేదిక ఎక్కిన ఈమె ప్రహ్లాదుడి వేషం కూడా వేసింది. కొడుకుగా ఆడిన కథలోనే పెద్దయ్యాక తల్లిగా నిలబడిన నటికి ఆ దుఃఖం రెండు వైపుల నుండీ తెలిసి ఉంటుంది.

తమ్మరకు నన్ను రప్పించింది ఆ దుఃఖాన్ని పలికిన పాట. 'పరితాప భారంబు భరియింప తరమా' అనే ఆ పాటను రాసిన చందాల కేశవదాసు ఖమ్మం ప్రాంతపు జక్కేపల్లిలో పుట్టి, ఈ తమ్మర సీతారామచంద్రస్వామి ఆలయాన్ని అంటిపెట్టుకొని ఉన్నవాడు. బిడ్డకు విషం తాగించమని భర్త ఆజ్ఞాపించినప్పుడు లీలావతి పాడుకునే పాట అది. నేపథ్యగానం ఎరుగని రోజులు గనుక, నటిస్తూ ఆమే పాడవలసి వచ్చింది. డేరా చివర కూర్చున్నవారికి వినిపించాలని గొంతెత్తడం నేర్చిన నటి, ఒక్కసారిగా మైకు ఎదుట నిలబడింది. ఆమె ఎలా పాడిందో చూద్దామంటే ఆ చిత్రం ప్రతి ఇప్పుడు దొరకదు.

'భక్త ప్రహ్లాద' వచ్చిన ఏడాదే ఆమె శకుంతలగానూ నటించింది, తర్వాత హిందీ చిత్రాల్లోనూ పనిచేసింది. అయినా నాకు ఆమె గుర్తుండిపోయింది 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోటరాముడి తల్లిగానే. మాంత్రికుడు, రాజకుమారి, మాయలు కమ్ముకున్న ఆ కథలో కొడుకు తిండి గురించీ ప్రాణం గురించీ బెంగపడే ఆ ఇల్లాలి వల్లనే కథకు ఒక ఇల్లు ఏర్పడింది. ఆమె 1971లో కన్నుమూసింది.

తమ్మర ఆలయం అరుగు మీద ఒక పెద్దాయన, "ఏ ఊరు బిడ్డా?" అని పలకరించాడు. నేను వచ్చిన పని చెప్పగానే సంబరపడి, నాటకాల ఒరవడిలో గొంతెత్తి ఆ పాట పల్లవి అందుకున్నాడు. పక్కన పూలు కడుతున్న ఆయన భార్య తలెత్తకుండానే, "అట్ల గట్టిగ పాడొద్దు. విషం గిన్నె చేతుల వట్టుకున్న తల్లి అంత గట్టిగ పాడుతదా?" అన్నది. ఆయన ఆగిపోయాడు. ఈసారి ఆమే, దండ మీది నుండి చూపు మరల్చకుండా, మాకు వినిపించీ వినిపించనంత మెల్లగా ఆ పల్లవి పాడింది.